క్లబ్బుల దగ్గరికి ఎందుకు వెళ్తాం?

(సేవా క్లబ్బులలో కొత్తగా బాధ్యత తీసుకోబోతున్న ప్రాంతీయ నాయకుల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ హాలులో కూర్చున్నవారిలో రోటరీ అసిస్టెంట్ గవర్నర్లు కాబోతున్నవారు ఉన్నారు. లయన్స్ జోన్ చైర్‌పర్సన్లు, కివానిస్ లెఫ్టినెంట్ గవర్నర్లు కాబోతున్నవారూ ఉన్నారు. పదవుల పేర్లు వేరైనా మీకు అప్పగిస్తున్న పని ఒకటే. కొన్ని క్లబ్బులను మీ చేతిలో పెట్టి, ఏడాదిపాటు వాటి మంచిచెడ్డలు చూడమంటున్నారు. రోటరీ, లయన్స్ సంస్థల సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కివానిస్ సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఎటు చూసినా మీ దగ్గరున్నది పన్నెండు నెలలే. అందులో పండుగలు, పరీక్షల రోజులు, వానలు, సొంత ఉద్యోగ వ్యాపారాలు తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ.

ఆ కొద్ది సమయంలో మీరు చేసే పనులన్నింటిలో క్లబ్బుకు స్వయంగా వెళ్ళడం అన్నిటికంటే విలువైనదని నా నమ్మకం. నివేదికలు కంప్యూటర్‌లో చదవవచ్చు. సభ్యత్వపు అంకెలు ఫోనులో చూసుకోవచ్చు. కానీ అధ్యక్షుడు మాట్లాడుతున్నప్పుడు కోశాధికారి ఎందుకు తలదించుకున్నాడో, కొత్తగా చేరిన సభ్యురాలు సమావేశం ముగియకముందే ఎందుకు లేచి వెళ్ళిపోయిందో తెలియాలంటే ఆ గదిలో మీరు ఉండాలి.

ఈ రాకపోకలు నియమావళి పుట్టకముందునుంచే ఉన్నాయి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది, మరో ముగ్గురు మిత్రులు ఒక ఆఫీసు గదిలో కలుసుకున్నారు. రోటరీ అక్కడే మొదలైంది. ఆ తర్వాత వంతులవారీగా ఒక్కో సభ్యుడు పని చేసే చోట సమావేశమయ్యేవారు. ఎవరి వృత్తి ఏమిటో, ఎవరి గది ఎంత ఇరుకో, ఎవరి కష్టం ఎటువంటిదో ఆ రాకపోకల వల్లే ఒకరికొకరికి తెలిసింది. మనిషి ఉన్న చోటికి మనం వెళ్ళి తెలుసుకోవాలన్న పద్ధతి మనకు అక్కడినుంచి వచ్చింది.

నియమాల సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. రోటరీలో జిల్లా అంటే చాలా క్లబ్బులు కలిసిన ఒక విభాగం. దాని నాయకుడైన జిల్లా గవర్నర్ ప్రతి క్లబ్బుకూ అధికారిక సందర్శన చేయాలి. ఒక్కో క్లబ్బుకు విడిగా వెళ్ళవచ్చు, కొన్నింటిని కలిపి ఒకేచోట కలవనూవచ్చు. అసిస్టెంట్ గవర్నర్లు మూడు నెలలకు ఒకసారైనా తమ క్లబ్బులకు వెళ్ళాలని సంస్థ ఆశిస్తుంది. లయన్స్‌లో ఒక జోన్‌లో మామూలుగా నాలుగునుంచి ఎనిమిది క్లబ్బులుంటాయి. వాటి అధ్యక్ష కార్యదర్శులతో జోన్ చైర్‌పర్సన్ ఏడాదిలో కనీసం మూడు సలహా సమావేశాలు జరపాలి. ఇవన్నీ కనీసపు లెక్కలు. వీటిని పూర్తి చేసినంత మాత్రాన పని జరిగినట్టు కాదు.

మన సందర్శనలు ఎక్కడ దారి తప్పుతున్నాయో చెప్పాలి. నాయకుడు వస్తున్నాడనగానే క్లబ్బు కొన్ని వారాల ముందునుంచే హడావుడి పడుతుంది. ఆహ్వాన పత్రాలు అచ్చవుతాయి. వేదిక, మైకు, జ్ఞాపిక, ఫోటోగ్రాఫరు అన్నీ సిద్ధమవుతాయి. ఆ రోజు స్వాగతాలు, పరిచయాలు, సన్మానాలతోనే సమయమంతా గడిచిపోతుంది. అతిథి సుదీర్ఘంగా ప్రసంగిస్తాడు. ప్రసంగంలో సంస్థ చరిత్ర ఉంటుంది, ఆ ఏటి నినాదం ఉంటుంది, లక్ష్యాల పట్టిక ఉంటుంది. ఆ క్లబ్బు గురించి మాత్రం రెండు వాక్యాలుంటాయి. అవి కూడా ఏ క్లబ్బుకైనా సరిపోయే వాక్యాలే. కారు కదిలాక కార్యదర్శి ఖర్చుల చిట్టా ముందేసుకుని కూర్చుంటాడు.

ఇది ఆపగలిగింది మీరే, ఎందుకంటే తనంతట తానుగా ఆపడం క్లబ్బుకు సాధ్యం కాదు. మర్యాద తగ్గిందని మీరు అనుకుంటారేమోనని వాళ్ళ భయం. కాబట్టి మీరే ముందుగా ఒక ఉత్తరం రాయండి. జ్ఞాపిక వద్దు, సన్మానం వద్దు, వేదిక మీద ప్రత్యేకమైన కుర్చీ వద్దు, మామూలుగా మీరు కలిసే చోటే, మామూలుగా కలిసే వేళకే నేను వస్తాను అని స్పష్టంగా రాయండి. ఊరికే మాటవరసకు అన్నట్టు కాకుండా, తప్పకుండా పాటించమని కోరండి. మొదటి క్లబ్బులో ఇది జరిగితే మిగతా క్లబ్బులకు కబురు దానంతటదే చేరుతుంది.

సభకు గంట ముందు బోర్డు సభ్యులతో కూర్చోండి. అసలు సందర్శన ఆ గంటే. అక్కడ మీరు తక్కువ మాట్లాడాలి. ఏమి అడగాలన్నది ముందే అనుకుని వెళ్ళండి. గత ఏడాది చేరినవారిలో ఈ రోజు రానివారు ఎవరు? ఎందుకు రావడం లేదు? వచ్చే ఏడాది అధ్యక్షుడు ఎవరో తేలిందా? తేలకపోతే ఎవరూ ముందుకు రాకపోవడానికి కారణం ఏమిటి? మీరు చేస్తున్న సేవా కార్యక్రమాల్లో ఆపేసినా ఎవరికీ లోటు తెలియనిది ఏదైనా ఉందా? ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడు గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడరు. కంగారుపడి మీరు ఆ మౌనాన్ని నింపకండి. కాసేపటికి ఎవరో ఒకరు నిజం చెబుతారు.

బలహీనమైన క్లబ్బుకు ముందు వెళ్ళండి. ఈ రోజు నేను చెప్పే మాటల్లో దీన్నే అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నాను. గవర్నర్ సందర్శనకు రోటరీ చెప్పే ఉద్దేశాల్లో, ఇబ్బందుల్లో ఉన్న క్లబ్బుల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టడం ఒకటి. ఆచరణలో మాత్రం అందరూ పెద్ద క్లబ్బుతోనే మొదలుపెడతారు. అక్కడ హాలు నిండుతుంది, మాటకు చప్పట్లు పడతాయి, పత్రికలో ఫోటో వస్తుంది. చిన్న క్లబ్బు వంతు వచ్చేసరికి సంవత్సరం చివరికి వస్తుంది. అప్పటికి వాళ్ళు క్లబ్బును మూసేద్దామని లోలోపల నిర్ణయించుకుని ఉంటారు. మీరు వెళ్ళేది పరామర్శకు అవుతుంది.

క్లబ్బు ఎందుకు నీరసిస్తుంది? నేను చూసినంతలో డబ్బు లేక మూతపడినవి తక్కువ. ఏళ్ళ తరబడి అన్ని పనులూ ఇద్దరు ముగ్గురే మోయడం, కొత్తవారికి చందా కట్టడం తప్ప మరో పని అప్పగించకపోవడం, ఎప్పుడో ఎవరో మొదలుపెట్టిన కార్యక్రమాన్ని ఇష్టం లేకపోయినా ఈడ్చుకుంటూ రావడం ప్రధాన కారణాలు. ఇవేవీ నివేదికలో కనిపించవు. నివేదికలో "సభ్యత్వం తగ్గింది" అని ఒక అంకె మాత్రం కనిపిస్తుంది. ఆ అంకెను చూసి పైనుంచి "ఇంకా అయిదుగురిని చేర్చండి" అని లక్ష్యం వస్తుంది. అలసిపోయిన ఆ ముగ్గురి మీద మరో బరువు పడుతుంది.

ఒక చిన్న క్లబ్బు కార్యదర్శి నన్ను అడిగిన ప్రశ్న మీకు చెప్పాలి. ఆయన కొన్నేళ్ళుగా నెలనెలా తప్పకుండా నివేదిక పంపుతున్నారు. సభ ముగిశాక పక్కకు వచ్చి, "మేం పంపేది పైన ఎవరైనా చదువుతారా అండీ?" అని అడిగారు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. తెలుసుకోవాలన్న కోరిక మాత్రమే ఉంది. ఆ ప్రశ్నకు వాళ్ళు అడగకుండానే మీరు జవాబు ఇవ్వాలి. వెళ్ళేముందు ఆ క్లబ్బు పంపిన ఏడాది నివేదికలు చదవండి. "సెప్టెంబరులో మీరు కంటి పరీక్షలు చేయించినవారిలో ఎంతమందికి ఆపరేషన్ అయింది?" అని అడగండి. తమ పనిని ఎవరో దూరంనుంచి గమనిస్తున్నారని తెలిస్తే ఆ క్లబ్బులో వచ్చే మార్పును ఏ పురస్కారమూ తేలేదు.

బలహీనమైన క్లబ్బుకు ఒక్కసారి వెళ్తే చాలదు. రెండోసారి ఏ హోదా చూపకుండా మామూలు సమావేశానికి వెళ్ళి చివరి వరుసలో కూర్చోండి. చేతనైతే పక్క క్లబ్బునుంచి ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకువెళ్ళండి. ఖాళీ కుర్చీలు చూసి చూసి విసిగిన అధ్యక్షుడికి ఆ రోజు నిండిన కుర్చీలు ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. ఒక మాట స్పష్టంగా చెబుతాను. కొన్ని క్లబ్బులను నిలబెట్టలేం. అలాంటప్పుడు ఉన్న సభ్యులను గౌరవంగా మరో క్లబ్బుకు చేర్చడం కూడా మీ పనే. అంకె తగ్గుతుందని, కాగితం మీద మాత్రమే బతికి ఉన్న క్లబ్బును కొనసాగించకండి.

ఇక మరో సంగతి. క్లబ్బు సభ్యులు తమ క్లబ్బునే చూస్తారు. ఆ ప్రాంతంలోని క్లబ్బులన్నింటినీ లోపలినుంచి చూసేది మీరొక్కరే. ఒకచోట పండిన ఆలోచనను మరోచోటికి మోసుకుపోగలిగింది కూడా మీరే. మన సంస్థల్లో గొప్ప పనులు పైనుంచి దిగినవి అనుకుంటాం. చరిత్ర అలా లేదు. 1930లో అమెరికాలోని పియోరియాలో జార్జ్ బోన్‌హామ్ అనే లయన్స్ సభ్యుడు, చూపులేని ఒక వ్యక్తి రోడ్డు దాటలేక అవస్థ పడటం చూశారు. ఆ వ్యక్తి చేతిలోని నల్లటి కర్ర వాహనాలు నడిపేవారికి కనబడటం లేదు. కర్రకు తెల్ల రంగు వేసి ఎర్రటి పట్టీ చుడితే కనబడుతుంది కదా అని బోన్‌హామ్‌కు తోచింది. ఆ క్లబ్బు ఆ పని చేసింది, ఇతర క్లబ్బులు అందుకున్నాయి. ఒక క్లబ్బు ఆలోచన క్లబ్బునుంచి క్లబ్బుకు నడిచి లోకమంతటా తెల్లకర్రను తెచ్చిపెట్టడంలో పాలు పంచుకుంది. మీ ప్రాంతంలోనూ ఏదో ఒక క్లబ్బులో అటువంటి ఆలోచన ఉండే ఉంటుంది. ఆ క్లబ్బువాళ్ళకు అది గొప్పదని తెలియకపోవచ్చు. మీరు గుర్తుపట్టాలి.

అతిథిగా వెళ్ళినవారు ఏం చేయగలరో చూడాలంటే 1925 జూన్ 30 గుర్తు చేసుకోవాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభకు, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చారు. ఆమె పొగిడి వెళ్ళిపోలేదు. చూపులేనివారి కోసం చీకటితో పోరాడే వీరులు కమ్మని ఆ సభను సూటిగా అడిగారు. లయన్స్ క్లబ్బులు ఆనాటినుంచీ కంటిచూపు కోసం పని చేస్తున్నాయి. మీరు హెలెన్ కెల్లర్ కానక్కరలేదు. కానీ ప్రతి క్లబ్బునూ ఆ క్లబ్బు చేయగలిగిన ఒక్క పని అడగండి. పది లక్ష్యాల పట్టిక చదివితే ఒక్కటీ గుర్తుండదు.

ఇప్పుడు నిధుల సేకరణ కార్యక్రమాల గురించి. పరుగులు, సంగీత కచేరీలు, వేలాలు, పాత పుస్తకాల అమ్మకాలు, విరాళాల విందులు. వీటన్నిటికీ మిమ్మల్ని ముఖ్య అతిథిగా పిలుస్తారు. నేను కోరేది ఏమిటంటే, టికెట్ కొనుక్కుని వెళ్ళండి. పిలిచినవారు వద్దన్నా కొనండి. కుర్చీలు సర్దే వేళకే చేరుకోండి. మీ స్థాయివాళ్ళు బల్లలు మోస్తే బాగుండదని ఎవరైనా అంటే వినకండి.

1979 సెప్టెంబరు 29న ఫిలిప్పీన్స్‌లో రోటరీ పోలియో చుక్కల కార్యక్రమం మొదలైనప్పుడు అప్పటి అంతర్జాతీయ అధ్యక్షుడు జేమ్స్ బోమర్ స్వయంగా ఒక పసిబిడ్డ నోట్లో చుక్కలు వేశారు. దాదాపు అరవై లక్షల మంది పిల్లలకు చుక్కలు వేయాలన్న సంకల్పం అది. అక్కడినుంచి 1985లో పోలియోప్లస్ అనే పోలియో నిర్మూలన కార్యక్రమం వచ్చింది. 12 కోట్ల డాలర్లు సేకరిస్తామని రోటరీ మాట ఇచ్చింది. 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్లు పోగయ్యాయి. అనుకున్నదానికి రెట్టింపు దాటింది. అదే 1988లో ఏటా మూడున్నర లక్షల మందికి పోలియో సోకేదని అంచనా. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రభుత్వాలు, లక్షల మంది కార్యకర్తలు కలిసి పని చేయడంతో ఆ సంఖ్య తొంభై తొమ్మిది శాతానికి పైగా తగ్గింది. ఆ డబ్బంతా ఎక్కడో పెద్ద హాళ్ళలో పోగైంది కాదు. మీరు వెళ్ళబోయే ఇటువంటి చిన్న చిన్న కచేరీల్లో, అమ్మకాల్లో కూడా పోగైంది. అందుకే వాటిని చిన్నచూపు చూడకూడదు. సేవా పనుల కోసం విరాళాలు స్వీకరించే రోటరీ ఫౌండేషన్‌కు 1918లో అందిన మొట్టమొదటి విరాళం ఇరవై ఆరు డాలర్ల యాభై సెంట్లు. అమెరికాలోని కాన్సాస్ సిటీ క్లబ్బు పంపింది.

నిధుల సేకరణలో మీరు చూడాల్సినవి రెండు. మొదటిది మిగులు. వేదిక మీద ప్రకటించేది వసూలైన మొత్తం. సేవకు మిగిలేది ఖర్చులు పోగా ఉన్నది. వందలో అరవై వేదికకూ, అలంకరణకూ, ప్రచారానికీ పోతే ఇచ్చినవారిని మనం మోసం చేసినట్టే. ఆ లెక్క దాతలకు చెప్పమని అధ్యక్షుడిని ప్రోత్సహించండి. చెప్పిన క్లబ్బుకు మరుసటి ఏడు విరాళాలు తగ్గడం నేను చూడలేదు.

రెండోది ఖాతాలు. ప్రజల దగ్గర సేకరించిన సొమ్ము ప్రజలకే తిరిగి చేరాలన్నది లయన్స్ కచ్చితమైన నియమం. క్లబ్బు నిర్వహణ ఖర్చులు సభ్యుల చందాలనుంచి రావాలి. ప్రజలు ఇచ్చినదాంట్లోంచి ఆ కార్యక్రమానికి నేరుగా అయిన ఖర్చు తీసుకోవచ్చు, అంతకుమించి తీసుకోకూడదు. రోటరీ కూడా క్లబ్బు నిర్వహణకూ సేవా కార్యక్రమాలకూ నిధులను వేరు చేయమంటుంది. బిల్లు చెల్లించేముందు కోశాధికారి కాక మరో ఇద్దరు ఆమోదించాలనీ, అర్హత ఉన్నవారు ఏటా లెక్కలన్నీ పరిశీలించాలనీ సూచిస్తుంది. మీరు వెళ్ళిన రోజున "రెండు ఖాతాలూ చూపిస్తారా?" అని అడగడానికి మొహమాటపడకండి. కోశాధికారి మీద అనుమానంతో అడిగేది కాదది. నిజాయితీగా పని చేసే కోశాధికారికి ఆ పరిశీలనే రక్షణ. ఏదైనా పుకారు పుట్టినప్పుడు ఆయన పక్షాన నిలబడేది ఆ సంతకాలే. మీరు వస్తున్నందుకు క్లబ్బు పెట్టే ఖర్చుకు సేవా ఖాతాలోంచి ఒక్క రూపాయి కూడా పోకూడదని మళ్ళీ చెప్పనక్కరలేదు కానీ, చెబుతున్నాను.

క్లబ్బు తన పని కోసం నిధులు సేకరిస్తున్న సభలో మీరు మైకు అందుకుని అంతర్జాతీయ ఫౌండేషన్‌కు విరాళాలు అడగకండి. చాలామంది మంచి ఉద్దేశంతోనే ఇలా అడుగుతారు. లక్ష్యం పూర్తి చేయాలన్న ఒత్తిడి కూడా ఉంటుంది. కానీ వచ్చినవారు ఒక బడి మరుగుదొడ్ల కోసమో, ఒక రక్తనిధి కోసమో వచ్చారు. ఆ సాయంత్రం ఆ పనికే చెందాలి. ఫౌండేషన్ మాట బోర్డు సమావేశంలో చెప్పండి, తీరిగ్గా, వివరంగా చెప్పండి. రోటరీ ఫౌండేషన్ వార్షిక నిధికి ఇచ్చిన డబ్బు మూడేళ్ళకు ఖర్చుకు వస్తుందనీ, అందులో దాదాపు సగం ఆ జిల్లా ఎంచుకునే పనులకే తిరిగి వస్తుందనీ చాలామంది సభ్యులకు తెలియదు. తెలిసినవారు ఇస్తారు. నలుగురిలో ఇరుకున పెట్టి అడిగితే ఒకసారి ఇస్తారు, మరుసటిసారి సభకే రారు.

కార్యక్రమం ముగిశాక వెంటనే వెళ్ళిపోకండి. టికెట్ల బల్ల దగ్గర కూర్చున్న పిల్లలతో, గేటు దగ్గర నిలబడిన సభ్యుడితో, సభ్యుల కుటుంబాలవారితో మాట్లాడండి. క్లబ్బులో చేరకపోయినా ఏళ్ళుగా పని చేస్తున్నవారు ప్రతిచోటా ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. వేదిక మీద కృతజ్ఞతలు చెప్పేటప్పుడు ఆ పేర్లు మీ నోట వినబడాలి. అందుకు ముందే అడిగి రాసుకోవాలి.

సందర్శన తర్వాత పని ఇంకా ఉంటుంది. వారం తిరగకముందే క్లబ్బుకు ఒక పేజీ ఉత్తరం రాయండి. మీరు చూసిన మంచిపని ఒకటి, వాళ్ళు అడిగిన సాయం ఒకటి, మీరు చేస్తానన్నది ఒకటి అందులో ఉంటే చాలు. చేస్తానన్నది ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేయండి. మాట ఇచ్చి మరిచిపోయే నాయకుడికంటే అసలు రాని నాయకుడే నయమని క్లబ్బులవాళ్ళు అనుకుంటారు. వాళ్ళ మాటలో న్యాయముంది.

ఆ ఉత్తరాల ప్రతులన్నీ ఒకచోట ఉంచండి. పన్నెండు నెలలు పూర్తయ్యాక మీ స్థానంలోకి వచ్చేవారికి అవి ఇవ్వండి. మన సంస్థల్లో నాయకత్వం ఏటా మారుతుంది, అందువల్ల ప్రతి నాయకుడూ మొదటినుంచి మొదలుపెడతాడు. క్లబ్బులవాళ్ళు అవే కష్టాలు ప్రతి ఏడూ కొత్త మనిషికి చెప్పుకుంటారు. ఆ ఉత్తరాల కట్ట చేతికి వస్తే తర్వాతి నాయకుడు మొదటి రోజే "పోయినసారి మీరు అడిగిన ఆ స్థలం సంగతి ఏమైంది?" అని అడగగలుగుతాడు.

మీ ముందున్న ఫైలులో మీకు అప్పగించిన క్లబ్బుల జాబితా, గత ఏడాది హాజరు వివరాలు ఉన్నాయి. భోజన విరామానికి ముందు అరగంట సమయం ఉంది. హాజరు అన్నిటికంటే తక్కువగా ఉన్న క్లబ్బు పేరు పక్కన మీ మొదటి సందర్శన తేదీ వేయండి. ఆ క్లబ్బు కార్యదర్శి ఫోను నంబరు అదే వరుసలో ఉంది. విరామంలోనే ఆయనతోనో ఆమెతోనో మాట్లాడి, ఆ తేదీ వాళ్ళకు వీలవుతుందో లేదో కనుక్కోండి.